సముద్రం కనపడే మేడ

వెంకటక్కకు కోపమొస్తే వీధికుక్కలు కూడా సందులోంచి చుట్టు తిరిగి పోతాయని వీరసముద్రం ఊళ్ళో ఒక మాట ఉండేది. మాట అబద్ధం కాదు. అయితే ఆ కోపం పొద్దున పొయ్యి ముట్టించేటప్పుడు పుట్టి, సంగటి కెలికే వేళకు చల్లారిపోయే రకం. తిట్టిన నోటితోనే పిలిచి ముద్ద పెట్టేది. అరవై ఒకటో సంవత్సరం చలికాలంలో వచ్చిన కోపం మాత్రం చల్లారలేదు. చల్లారకూడదు కూడా. ఆ సంగతి చెప్పాలంటే ముందు సముద్రం సంగతి చెప్పాలి, తర్వాత మేడ సంగతి చెప్పాలి.

సముద్రమంటే మరేం కాదు, చెరువే. పెనుకొండకు తూర్పున గుట్టల మధ్య ఎప్పుడో రాజుల కాలంలో కట్ట వేసి నిలబెట్టిన చెరువు. దాని పేరు వీరసముద్రం, దాని కింద పుట్టిన ఊరికీ అదే పేరు. మా సీమలో ఇది మామూలే. ఈ గట్టున నిలబడి చూస్తే ఆ గట్టున మేసేది మేకో దూడో తెలియనంత పెద్ద చెరువైతే చాలు, సముద్రమని పేరు పెట్టేశారు పెద్దవాళ్ళు. వాళ్ళలో ఒక్కడైనా సముద్రాన్ని చూసిన పాపాన పోలేదు. అన్ని నీళ్ళు ఒక్కచోట కనపడేసరికి అంతకంటే పెద్ద మాట వాళ్ళకు దొరకలేదు, అంతే. వానలు పడిన ఏడు ఆ పేరు సరిపోయేది. పడని ఏడు పేరు గొప్ప ఊరు దిబ్బ. ఎట్లున్నా పేరు పేరే. ఆడవాళ్ళు బట్టల మూట నెత్తిన పెట్టుకుని సముద్రానికి పోతున్నామనేవాళ్ళు, గొర్రెలకాపరులు ఎండిన సముద్రంలో మేపుకొస్తున్నామనేవాళ్ళు. వినేవాళ్ళకు ఎవరికీ నవ్వొచ్చేది కాదు.

ఇక మేడ. హిందూపురంలో పట్టుచీరల అంగడి పెట్టి, ధర్మవరం మగ్గాల మీద దిగిన చీరలు బెంగుళూరు దాకా అమ్మే భాస్కరయ్య అనే వర్తకుడు ఉన్నాడు. అప్పటికి ఐదేళ్ళ కిందట, చెరువు నిండి పొర్లి మరవ పారిన ఏడు, ఎవరి పెళ్ళికో ఇటుగా వచ్చి, అన్ని నీళ్ళూ, నీళ్ళలో తలకిందులుగా పెనుకొండ కొండా చూసి మనసు పారేసుకున్నాడు. పారేసుకున్నవాడు ఊరికే పోలేదు. చెరువు పై ఒడ్డున మెట్ట కొని మేడ కట్టాడు. నేల మొజాయికు, కిటికీలకు నిలువెత్తు అద్దాలు, స్నానాల గదిలో మనిషి పడుకునేంత పింగాణీ తొట్టి. కరెంటు స్తంభాలు పెనుకొండ నుంచి బయలుదేరి ఊరిని దాటుకుని తిన్నగా మేడకు పోయాయి. ఊళ్ళో మాత్రం బుడ్డిదీపాలే. భాస్కరయ్య భార్య జయశ్రీ ఒకసారి వచ్చి, కప్పల అరుపుకూ దోమల కాటుకూ తట్టుకోలేక మర్నాడే బండెక్కింది. తర్వాత రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. అద్దాల కిటికీల ముందు సముద్రం పోయి బీటల నేలా సర్కారు తుమ్మా మిగిలాయి. అప్పటి నుంచి ఆ మేడ భాస్కరయ్యకు గొంతులో వెలక్కాయ.

ఇంత చెప్పినా వెంకటక్కకూ మేడకూ ఏం సంబంధమో ఇంకా చెప్పలేదు. ఆమె మొగుడు ఓబన్న ఆ చెరువుకు నీరుగంటి. తూము తెరవడం, మూయడం, ఎవరి మడికి ఎంత నీళ్ళో చూడడం వంశపారంపర్యంగా ఆ ఇంటి పని. పాతకాలపు తూము అది. నీళ్ళలో మునిగి, అడుగున రాతి కంతలో బిగించిన కొయ్య బిర్రను పెరకాలి. చెరువు మరవ పారిన ఆ ఏడే, పొట్టమీదున్న పైర్లకు నీళ్ళు వదలడానికి మునిగిన ఓబన్న మళ్ళీ పైకి రాలేదు. బిర్ర ఊడింది, నీళ్ళు పారాయి, ఆ నీళ్ళతోనే ఊరు పంట తీసింది. మనిషి మాత్రం తూము కంతలో ఇరుక్కుని ఊపిరి వదిలాడు.

మరుసటి ఏడు, మేడ కట్టడం పూర్తయిన సంబరంలో, భాస్కరయ్య ఊరికి ఇనుప తూము చేయించి ఇచ్చాడు. కట్ట మీదే నిలబడి, మరకు ఇనుప పిడి తగిలించి తిప్పితే అడుగున తలుపు లేస్తుంది. ఇక ఎవరూ మునగక్కర్లేదు, ఎవరూ చావక్కర్లేదు. ఆ రోజు వెంకటక్క హారతి పళ్ళెం తెచ్చి భాస్కరయ్యకు దిష్టి తీసింది. నా మాదిరి ఇంకొకని పెళ్ళాం ముండమోయదు, నీ కడుపు చల్లగుండా అని అందరి ముందరా ఏడ్చింది. పిడి ఊళ్ళో ఉంటే ఎవడు పడితే వాడు తిప్పుతాడు, మేడలో ఉంటే భద్రమని పంచాయతీ ప్రెసిడెంటు అన్నప్పుడు, నిజమే కదా అని తల ఊపినవాళ్ళలో ఆమె కూడా ఉంది. ఓబన్న తమ్ముడు కుళ్ళాయప్పకు నీరుగంటి పనితో పాటు మేడకు కాపలా పని కూడా ఇచ్చి, ఖాకీ బట్టలు కుట్టించాడు భాస్కరయ్య. ఊరంతా ఆయన్ను నెత్తిన పెట్టుకుంది.

అరవై ఒకటిలో వానలు దండిగా పడ్డాయి. సముద్రం మళ్ళీ సముద్రమైంది. వెంకటక్క తూము కింద తనకున్న రెండు కయ్యల్లోనూ వరి నాటింది. రెండేళ్ళ కరువులో ఉన్న ఆవును సంతకు తోలేసుకుంది, ఇంటి మీది తాటిదూలం కూడా అమ్ముకుంది. ఈ పంట వస్తేనే ఏడాది తిండి. రాకపోతే బత్తలపల్లి రోడ్డు పనుల్లో రాళ్ళు కొట్టడానికి పోవాలి. ఆ వయసులో ఆమె చేతులతో ఎన్ని రాళ్ళు పగులుతాయి? పైరు బాగా దుబ్బు కట్టింది. మార్గశిరం వచ్చేసరికి పొట్టమీదికి వచ్చింది.

వరి పొట్టమీద ఉండడమంటే వెన్ను లోపల ఉండి ఇంకా బయటికి రాకపోవడం. పల్లెలో దాన్ని నిండు చూలాలితో సమానంగా చూస్తారు. చూలాలు నోరు తెరిచి అడిగింది లేదనకూడదన్నట్టే, పొట్టమీది పైరుకు నీళ్ళు లేదనకూడదు. పగవాడి మడికైనా ఆ నీళ్ళు ఆపకూడదు. అది వీరసముద్రంలో రాసుకోని చట్టం.

ఆ సమయానికి తూము మూతపడింది. చెరువులో నీళ్ళు లేక కాదు, చెరువు కడవలా నిండి ఉంది. మేడను అమ్మకానికి పెట్టాడు భాస్కరయ్య. కొనేవాళ్ళు వచ్చి చూసేనాటికి చెరువు అంచుదాకా నిండి ఉండాలి. వచ్చేదాకా తూము తెరవొద్దని కుళ్ళాయప్పకు కబురు పంపాడు. బావులున్న ఆసాములకు పట్టలేదు. బావుల్లేనివాళ్ళు ప్రెసిడెంటు దగ్గరికి పోతే, ఊరికింత మేలు చేసిన మనిషి ఆ మాత్రం అడిగితే కాదంటామా అని ఆయన చుట్ట వెలిగించుకున్నాడు.

వెంకటక్క మేడ గేటు దగ్గరికి పోయి కుళ్ళాయప్పను పిలిచింది. కయ్యల్లో నేల ఎండి పగిలి నెరలిస్తోందని, పిడి తెచ్చి తిప్పమని చెప్పింది. కుళ్ళాయప్ప గేటు ఊచలు పట్టుకుని నేల చూశాడు. పిడి అద్దాల బీరువాలో ఉందనీ, శెట్టి మాట కాదంటే ఖాకీ బట్టలు విప్పి ఇచ్చేయాల్సి వస్తుందనీ, ఇంట్లో నలుగురు పిల్లలున్నారనీ గొణిగాడు.

"నీ అన్నకు బట్టలు కుట్టించినోళ్ళు ఎవరూ లేరబ్బా. గోచిపెట్టుకుని మునిగినాడు" అంది వెంకటక్క.

కుళ్ళాయప్ప గేటు ఊచలు వదిలి లోపలికి పోయాడు. ఆమె అక్కడి నుంచి నేరుగా రోడ్డు మీదికి వచ్చి, ఉన్న చీరతోనే హిందూపురం బస్సెక్కింది.

అంగడిలో భాస్కరయ్య మర్యాదకేం లోటు చేయలేదు. నేలంతా పరుపు వేసి, పైన తెల్ల దుప్పటి పరిచి ఉంది. నెత్తిన ఫ్యాను తిరుగుతోంది. చుట్టూ గాజు బీరువాల్లో పట్టుచీరలు. కూర్చోమన్నాడు, కాఫీ తెప్పించాడు. ఆమె గడప దగ్గరే నిలబడి చెప్పాల్సింది చెప్పింది. ఆయన ఓపికగా విని, ఒక పత్రిక తీసి, చదువు రాని ఆమె కోసం తనే పైకి చదివాడు. మద్రాసు పత్రికలో ఆయన వేయించిన ప్రకటన అది. అన్ని హంగులతో అధునాతన భవనం. ప్రతి గదిలోంచి సముద్రం కనపడును. చల్లటి గాలి. పెనుకొండ రైలు స్టేషనుకు సమీపం. ముందు వీరసముద్రం అని రాశాడట. పై ఊళ్ళవాళ్ళకు వీర ఎవరో ఏం తెలుసని ఆ వీర తీసేశాడట. అందులో వెంకటక్కకు తప్పేమీ కనపడలేదు. నిజం చెప్పాలంటే చదివినాయనకూ కనపడలేదు. ఇట్లాంటి చెరువులను పుట్టినప్పటి నుంచి సముద్రమని పిలిచినవాళ్ళు మరి.

మలయా దేశంలో బాగా గడించిన తెలుగాయన ఒకడు ఆ ప్రకటన చూసి, ముసలితనంలో సొంత దేశంలో స్థిరపడాలని భార్యను తీసుకుని ఈ ఆదివారం కాక పై ఆదివారం వస్తున్నాడట. అది అయిపోనీ, ఆ సాయంత్రమే తూము తెరిపిస్తానని భాస్కరయ్య మాటిచ్చాడు.

"అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగుతాదా అప్పా?" అంది వెంకటక్క. "పైరు పొట్టమీదుండాది. ఇప్పుడు తడి లేకపోతే యెన్ను పొట్టలోనే మాడిపోతాది. ఈ పొద్దే ఇడిపియ్యి, నీకు పుణ్యముంటాది."

భాస్కరయ్య నవ్వాడు. చెడ్డ నవ్వు కూడా కాదు, చీర నచ్చక గునిసే ఆడమనిషిని చూసి నవ్వే నవ్వు. "పది దినాలకు కొంపలేమీ మునగవులే వెంకటక్కా" అన్నాడు. అని, బీరువాలోంచి ఒక చీర తీసి ఆమె చేతిలో పెట్టబోయాడు. చిలకపచ్చ చీర, జరీ అంచు.

వెంకటక్క దాన్ని ముట్టుకోలేదు. చెరువు నిండిన దినం ఊళ్ళో దిక్కులేనివాళ్ళు కూడా చందా వేసుకుని గంగమ్మకు చీర పెట్టారు, ఆ నీళ్ళను ఎదురుగా పెట్టుకుని మేడ కట్టినవాడు ఒక రవికె గుడ్డ కూడా పంపలేదు. ఆమెకది గుర్తొచ్చింది. మొగుడు పోయిన ఆడదానికి చిలకపచ్చ చీరేమిటని కూడా అనిపించింది. హారతి పళ్ళెం పట్టిన తన చేతుల మీద తనకే అసహ్యం పుట్టింది. కాఫీ అట్లాగే వదిలేసి వచ్చేసింది.

ఆ పది దినాలూ వెంకటక్క కడవలతో నీళ్ళు మోసింది. చెరువులో ముంచుకుని, కట్ట దిగి, కయ్యలో పోసేది. నిండు చెరువు పక్కన పెట్టుకుని కడవలతో వరి తడపడం కంటే పిచ్చి పని లేదని ఆమెకూ తెలుసు. పోసిన నీళ్ళు నెరల్లోకి దిగి కనపడకుండా పోయేవి. పొరుగు కయ్య సిద్ధమ్మా, లక్ష్మీదేవీ కూడా మోశారు. మోస్తున్నంతసేపూ వెంకటక్క నోరు ఆగలేదు. మేడను తిట్టింది, మేడ మొజాయికును తిట్టింది, పింగాణీ తొట్టిలో ఎవడు పడుకుంటాడో వాడి నడుము విరగాలని తిట్టింది. మొగుణ్ణి కూడా తిట్టింది, ఎవరి కోసం చచ్చావురా అని.

ఆదివారం వచ్చింది. మద్రాసు నుంచి పాకాల మీదుగా ధర్మవరంలో దిగిన మలయా దంపతులను భాస్కరయ్య కార్లో తీసుకొచ్చాడు. ఊరంతా మేడ గేటు ముందే ఉంది. వెంకటక్క, సిద్ధమ్మ, లక్ష్మీదేవి తోసుకుని ముందుకొచ్చారు. సాయంత్రం తూము తెరిపిస్తానన్న మాట గుర్తు చేయాలి కదా, ఎదురుగా నిలబడి చేయాలి.

మలయాయన తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని చేతికర్రతో దిగాడు. ఆయన పుట్టింది విశాఖపట్నం దిక్కు అయినా పసితనంలోనే ఓడెక్కినవాడు. భార్య అక్కడి పినాంగు ఊళ్ళోనే పుట్టింది, సముద్రం ఒడ్డునే పెరిగింది. ఇటీవల జబ్బుపడి లేచింది. అలల చప్పుడు లేకపోతే ఆమెకు నిద్ర రాదని, అందుకే ఈ ఇల్లు వెతుక్కుంటూ వచ్చామని కార్లో చెప్పాడట. భాస్కరయ్య వాళ్ళను ముందు గదులన్నీ తిప్పాడు. ఫ్యాన్లు తిప్పి చూపాడు, తొట్టిలో నీళ్ళు పట్టి చూపాడు. తర్వాత వరండాలోకి తెచ్చి, పెళ్ళికూతురి మీద తెర తీసినట్టు చెయ్యి చాపాడు. ఎదురుగా చెరువు నిండుగా మెరుస్తోంది.

మలయాయన చెరువును చూశాడు, దాని వెనక గుట్టలు చూశాడు, మళ్ళీ చెరువును చూశాడు.

"బాగుందండి. సముద్రం ఎటుందండి?" అన్నాడు.

భాస్కరయ్యకు అర్థం కాలేదు. ఇదేనండి, ఎదురుగా ఉన్నది ఇదే కదా అన్నాడు. ఊరివాళ్ళు కూడా పాపం పెద్దాయనకు చూపు ఆనలేదేమోనని చేతులెత్తి చూపించారు. మలయాయన మెట్లు దిగి, నీళ్ళ దాకా పోయి, దోసిట పట్టి నోట్లో పోసుకున్నాడు. ఉమ్మలేదు, మింగాడు. వరండాలోకి తిరిగి వచ్చి, ఇందులో ఉప్పేదని అడిగాడు.

"మా సముద్రంలో ఉప్పెందుకుంటాది సార్? కొబ్బరినీళ్ళ లెక్కుంటాయి" అన్నాడు భాస్కరయ్య గర్వంగా. అవునవునని ఊరంతా తలూపింది.

ముందుగా అర్థమైంది మలయాయన భార్యకు. ఇది చెరువండీ అని మొగుడితో నెమ్మదిగా అంది. అప్పుడు ఆయనకు వచ్చిన కోపం చూడాలి. చేతికర్ర మొజాయికు మీద కొట్టాడు. రైలు పడమటికి పోతుంటే పడమటి సముద్రానికి పోతున్నామనుకున్నానన్నాడు, ఈ దేశం తెలియని మనిషినని మోసం చేశావన్నాడు. భాస్కరయ్య మొహం ఎర్రబడింది. ఆయనకూ నిజంగానే పౌరుషం వచ్చింది. రాజుల నాటి నుంచి ఇది సముద్రమే, కావాలంటే కట్ట మీద శాసనం చూసుకోండన్నాడు. ఇంకో రోజైతే వెంకటక్క కూడా ఆ మాటకు వంత పాడేది. ఆ సముద్రాన్ని ఎవరైనా తక్కువ చేస్తే ఊరుకునే మనిషి కాదు. ఆ రోజు మాత్రం లోపల ఒక్క క్షణం సంతోషించింది. బేరం చెడింది, ఇక పిడి బయటికి వస్తుంది అనుకుంది.

అనుకున్నట్టు కాలేదు. జబ్బుమనిషి వరండాలో కుర్చీలో కూలబడి, నీళ్ళ వైపు చాలాసేపు చూసింది. ఇక తిరగలేనండీ అంది. అలలు లేకపోతే పోనీ, గాలి బాగుంది, కళ్ళెదుట ఎప్పుడూ ఇన్ని నీళ్ళుంటే నాకు చాలు అంది. ఆమె గొంతు విని మలయాయన కోపం కొంచెం దిగింది. ఎప్పుడూ ఇట్లాగే ఉంటాయా అని భాస్కరయ్యను అడిగాడు.

మునిగేవాడికి గడ్డిపోచ దొరికింది. భాస్కరయ్య లోపలికి కేక వేసి, అద్దాల బీరువాలోది తెమ్మని కుళ్ళాయప్పకు చెప్పాడు. కుళ్ళాయప్ప ఇనుప పిడి తెచ్చి నిలబడ్డాడు.

"ఇదిగోనమ్మా, ఈ చెరువు తాళంచెవి" అన్నాడు భాస్కరయ్య. "దీన్ని కూడా ఇంటితో పాటే మీకిస్తా. ఇది మీ బీరువాలో ఉన్నంతకాలం చుక్క నీళ్ళు బయటికి పోవు."

గేటు దగ్గర జనం ముందుకు జరిగారు. ప్రెసిడెంటు కూడా చుట్ట నోట్లోంచి తీశాడు. బావులున్నవాళ్ళకూ అప్పుడు అర్థమైంది, తూము మూసింది పది దినాలకు కాదని. బావిలోకి ఊరేది ఆ చెరువు నీళ్ళేనని కూడా వాళ్ళకు అప్పుడే గుర్తొచ్చింది. ఇంతసేపూ గుర్తు రాలేదు, పెద్దమనుషులు.

వెంకటక్క గేటు తోసుకుని లోపలికి పోయింది. మట్టికాళ్ళతో మొజాయికు తొక్కుకుంటూ వరండాలో ఆ జబ్బుమనిషి ఎదుట నిలబడింది. అరుస్తుందని అందరూ అనుకున్నారు. అరవలేదు.

"అమ్మా, నువ్వు యా ఊరిదానివో నాకు తెలీదు. నీ మీద నాకు కోపం లేదు" అంది. "నీళ్ళు ఈడ నిలబడితే కట్ట కింద మా కయ్యలు సస్తాయి. ఈ ఇనుప తూము లేనప్పుడు నా మొగుడు ఈ నీళ్ళలో మునిగి సచ్చినాడు. ఆయప్ప నీళ్ళు ఇడిసేకి పోయి సచ్చినాడమ్మా, నిలబెట్టేకి గాదు."

ఆ పినాంగు ఆమె చెయ్యి అప్పటికి పిడి వైపు సగం చాచి ఉంది. వెనక్కి తీసుకుని పైట కింద పెట్టుకుంది. ఇంతలో మలయాయన ముందుకు వచ్చి, నీళ్ళు ఎవరివి అని భాస్కరయ్యను అడిగాడు. భాస్కరయ్య ఏదో చెప్పబోయాడు, ప్రెసిడెంటు వైపు చూశాడు. ప్రెసిడెంటు ఎటో చూశాడు.

వెంకటక్క మరిది ముందర చెయ్యి చాపింది. కుళ్ళాయప్ప పిడిని శెట్టికివ్వలేదు, మలయాయనకివ్వలేదు. వదిన చేతిలో పెట్టి, అక్కడే నిలబడి ఖాకీ చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.

ఆడవాళ్ళంతా కట్ట మీదికి పోయారు. మర బిగుసుకుపోయి ఉంది. వెంకటక్క, సిద్ధమ్మ, లక్ష్మీదేవి ముగ్గురూ కలిసి పిడి మీద బరువేసి తిప్పితే, అడుగున ఎక్కడో తలుపు మూలిగి లేచింది. కాలవలోకి నీళ్ళు నురగలు కక్కుకుంటూ దూకాయి. వెంకటక్క నీళ్ళతో పాటు పరుగెత్తి తన కయ్య గట్టును, ఆ గనిమను, తనే చేత్తో తెంపింది. నెరలిచ్చిన నేల నీళ్ళు తాగుతుంటే బుడబుడమని చప్పుడు వచ్చింది. గనిమ మీద కూర్చుని అది వింటూ ఏడ్చింది. కారు వెళ్ళిపోయిన చప్పుడు ఆమెకు వినపడలేదు.

ఇక్కడితో ఆపేస్తే కథ మంచిగా ఉంటుంది. చూలాలు అడిగినప్పుడు పెట్టకుండా, పది దినాల తర్వాత పళ్ళెం నిండా పెడితే ఏమవుతుందో పైరు తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. నీళ్ళు పారిన వారానికి వెన్నులు బయటికి వచ్చాయి. చూడ్డానికి బాగానే వచ్చాయి. అయితే బరువెక్కి వంగాల్సిన వెన్నులు వంగలేదు, తెల్లగా నిక్కి నిలబడ్డాయి. వెంకటక్క ఒక వెన్ను తెంపి అరచేతిలో నలిపి, ఊది చూసింది. అరచేతిలో ఏమీ మిగల్లేదు. ఇంకొకటి నలిపింది, మళ్ళీ ఊదింది. తర్వాత నలపడం మానేసింది.

అయినా కోసింది. కోసి, కళ్ళంలో కొట్టి, తూర్పారబట్టకుండా ఒక గోనెసంచికి నిండా ఎత్తింది. పెద్ద సంచి. దాన్ని మామూలుగా ఇద్దరు మగవాళ్ళు లేపాలి. వెంకటక్క ఒక్కతే నెత్తికెత్తుకుని రోడ్డు దాకా నడిచింది. బస్సు పైకి వేయబోయిన కండక్టరు, సంచి తేలిగ్గా లేచేసరికి పక్కకు తూలి, ఏముందవ్వా ఇందులో, దూదా అన్నాడు.

హిందూపురం అంగడిలో ఆ రోజు బేరాలు బాగా ఉన్నాయి. పెళ్ళివారెవరో కూర్చుని ఉన్నారు, తెల్ల దుప్పటి మీద పట్టుచీరలు మడతలు విప్పి పరిచి ఉన్నాయి. సంచితో వచ్చిన వెంకటక్కను చూసి భాస్కరయ్య మొహం మాడ్చుకున్నాడు. ఆమె మూలంగా చెడిన మేడ బేరం ఇంకా కుదరలేదు. మళ్ళీ ఏం తెచ్చావని అడిగాడు.

వెంకటక్క గడప దాటి వచ్చి, సంచి మూతి విప్పి, చీరల మధ్య కుమ్మరించింది. నెత్తిన ఫ్యాను తిరుగుతోంది కదా. కుప్ప పడీ పడకముందే లేచింది. తాలు తెల్లగా, మసగ్గా అంగడంతా ఎగిరి, పెళ్ళివారి తలల మీద, జరీ అంచుల మీద, భాస్కరయ్య కనురెప్పల మీద వాలింది. ఎవరో దగ్గారు. భాస్కరయ్య పైకి లేచి చొక్కా దులుపుకుంటూ ఫ్యాను ఆపమని అరిచాడు.

"ఫ్యాను మీద అరుస్తావేమప్పా?" అంది వెంకటక్క. "లోపల గింజుంటే లేస్తాదా అది?"

ఖాళీ సంచిని నాలుగు మడతలు వేసి చంకలో పెట్టుకుంది. వచ్చే సోమవారం నుంచి బత్తలపల్లి రోడ్డు పనికి పోవాలి, రాళ్ళు మొయ్యడానికి సంచి పనికొస్తుంది. గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"కొంపలు మునగవన్యావు. నిజమే, మునగలేదు. ఎండినాయి."

ఫ్యాను ఆగింది. తాలు మాత్రం చాలాసేపు గాల్లోనే ఉంది.